ఫుల్ రేసు ఇస్తే ఆగిపోయే బోటు మోటారు: కార్బురేటర్ కంటే ముందు ట్యాంకు చూడండి

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. సీతానగరం వైపు రేవులో మీ పడవ ఉంది. దానికి 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు, కార్బురేటర్ రకం. పెట్రోల్ ట్యాంకు జీఐ రేకుతో ఆటోనగర్‌లో చేయించారు, 50 లీటర్లు పడుతుంది. విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పటి నుంచి రెండు నెలల పైన పడవ ఒడ్డునే ఉండిపోయింది. ఇప్పుడు దింపితే మోటారు వెంటనే స్టార్ట్ అవుతోంది, నెమ్మదిగా బాగానే పోతోంది. ఫుల్ రేసు ఇచ్చిన రెండు మూడు నిమిషాలకు వేగం పడిపోయి ఆగిపోతోంది. అప్పుడు చూస్తే చేతి బల్బు (ట్యాంకు నుంచి మోటారుకి పెట్రోల్ ఎక్కించడానికి గొట్టం మధ్యలో ఉండే రబ్బరు ఉండ) నొక్కుకుపోయి ఉంటోంది. నాలుగుసార్లు పిసికితే మళ్లీ కాసేపు నడుస్తోంది. మెకానిక్ రెండుసార్లు కార్బురేటర్ విప్పి కడిగాడు, గిన్నెలో తెల్ల పొడి, జిగురు ఉన్నాయన్నాడు. బంకులో నీళ్లు కలిపారేమోనని మీ అనుమానం. ఇథనాల్ (పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్) లేని పెట్రోల్ ఎక్కడ దొరుకుతుంది, లేకపోతే ఏ మందు పోయాలి అని అడిగారు.

బంకు సంగతి ప్రస్తుతానికి వదిలేయండి. మీ ప్రశ్నలో అన్నిటికంటే విలువైన మాట బల్బు నొక్కుకుపోవడం. మోటారు మీది పంపు పెట్రోల్ లాగుతోంది, వెనక నుంచి పెట్రోల్ రావడం లేదు, అందుకే బల్బు లోపలికి పీక్కుపోతోంది. అంటే అడ్డు బల్బుకీ ట్యాంకుకీ మధ్యలో ఉంది. కార్బురేటర్ బల్బుకి మోటారు వైపు ఉంటుంది. దాన్ని రెండుసార్లు కాదు, పదిసార్లు కడిగినా ఈ లక్షణం పోదు, ఆ డబ్బు కృష్ణలో పోసినట్టే. బల్బు ఎంత పిసికినా గట్టిపడకపోతే అది వేరే కథ. అప్పుడు ఎక్కడో గాలి పీలుస్తోందనో, బల్బులో వాల్వు పోయిందనో, పంపులోని పలుచటి పొర (డయాఫ్రం) చిరిగిందనో అనుమానించాలి. మీది అది కాదు.

విప్పే ముందు ఒక పరీక్ష చేయండి. తెలిసినవాళ్ల దగ్గర శుభ్రమైన చిన్న ట్యాంకు, దాని సొంత గొట్టం, బల్బుతో సహా అరువు తెచ్చుకోండి. అందులో ఆ రోజు కొన్న పెట్రోల్ పోసి, ఆయిల్ కలిపి, మీ మోటారుకి నేరుగా తగిలించండి. మనుషులు ఎక్కి బరువు ఉండగా నీళ్లలో పది నిమిషాలు నడపండి. డ్రమ్ములో పెట్టి రేసు ఇస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే లోడ్ లేనప్పుడు మోటారు తాగే పెట్రోల్ చాలా తక్కువ. ఈ పరీక్షలో మోటారు నిలబడితే తప్పు ట్యాంకు వైపుదే అని తేలిపోయింది. ఒక్క జాగ్రత్త, ఈ పరీక్ష బ్యారేజీకి దూరంగా, భవానీ ద్వీపం ఎగువన ఎక్కడైనా చేయండి. గేట్లు తెరిచి ఉన్న రోజున అసలు వద్దు. తెడ్డు, లంగరు పడవలో ఉండాల్సిందే.

ఇక ట్యాంకు దగ్గరికి వెళ్దాం. మొదట మూతకున్న గాలి రంధ్రం తెరిచి ఉందో లేదో చూడండి. మూత వదులు చేసి నడిపితే బల్బు మామూలుగా ఉందంటే అక్కడితో కథ అయిపోయింది. వర్షంలో ట్యాంకులోకి నీళ్లు పోకూడదని ఎవరో ఆ రంధ్రానికి ఎం సీల్ పెట్టేసిన పడవలు చూశాను. అది కాకపోతే ట్యాంకు అడుగు నుంచి శాంపిల్ తీయాలి. పై నుంచి వంచితే పై పెట్రోలే వస్తుంది. సన్నటి గొట్టాన్ని అడుగు మూల దాకా దించి, చేతి పంపుతో గాజు సీసాలోకి పట్టండి. నోటితో మాత్రం పీల్చకండి. సీసాని అరగంట కదపకుండా పెట్టి వెలుతురుకి ఎదురుగా చూడండి. మధ్యలో గీత గీసినట్టు రెండు పొరలు కనిపిస్తే ఆ పెట్రోల్ పని అయిపోయింది. కింది పొర కాస్త మసకగా ఉంటుంది, అడుగున తెల్ల పొడి, తుప్పు రేణువులు తేలుతూ ఉంటాయి.

ఆ కింది పొరని అందరూ నీళ్లు అనుకుంటారు. అది నీళ్లూ ఇథనాలూ కలిసిన ద్రవం. ఇథనాల్‌కి పెట్రోల్ కంటే నీళ్లంటేనే ఇష్టం ఎక్కువ. కొద్దిపాటి నీళ్లయితే పెట్రోల్‌లోనే కలుపుకుని తిరుగుతుంది, ఇంజిన్ దాన్ని కాల్చేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ 15 డిగ్రీల దగ్గర లీటరుకి దాదాపు 5 మిల్లీలీటర్ల నీళ్లు మోయగలదు. 20 శాతం ఉన్నది అంతకంటే ఎక్కువే మోస్తుంది. ఆ హద్దు దాటగానే పెట్రోల్‌ని వదిలేసి, ఇథనాల్ నీళ్లతో పాటు అడుగుకి దిగిపోతుంది. వేడికి ఎక్కువ మోస్తుంది, చల్లబడితే తక్కువ మోస్తుంది. అందుకే సాయంత్రం బాగున్న పెట్రోల్ డిసెంబరు తెల్లవారుజామున విడిపోయి కనిపిస్తుంది.

దీన్ని బట్టి 20 శాతం పెట్రోలే నయం కదా, ఎక్కువ నీళ్లు మోస్తోంది అనిపిస్తుంది. నిజమే, విడిపోవడం ఆలస్యంగా జరుగుతుంది. కానీ జరిగిన రోజున కిందికి దిగేది ఎక్కువ. మీ 50 లీటర్ల ట్యాంకు నిండా ఉంటే అందులో 10 లీటర్లు ఇథనాలే. దాంట్లో చాలా భాగం అడుగుకి చేరిందంటే, పెట్రోల్ లాగే గొట్టం మూతి పూర్తిగా ఆ పొరలో మునిగిపోతుంది. పాత రోజుల్లో ట్యాంకులో పావు లీటరు నీళ్లు పడితే అడుగున ఒక మూల పడి ఉండేవి. గొట్టం మూతి అంతకంటే పైన ఉండేది కాబట్టి ఏళ్ల తరబడి ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు అదే పావు లీటరు మీద మీరు కొద్దికొద్దిగా కొత్త పెట్రోల్ పోసిన ప్రతిసారీ, అందులోని ఇథనాల్‌ని కిందికి లాగి ఆ పొర లావెక్కుతుంది. 'నిన్ననే కొత్త పెట్రోల్ పోశాను, అయినా ఆగిపోతోంది' అనేవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. పాత అడుగు తీయకుండా పైన పోసినన్ని లీటర్లూ వృథా.

టూ స్ట్రోక్ వాళ్లకి ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. మీరు కలిపిన ఆయిల్ పై పెట్రోల్ పొరలో ఉండిపోతుంది, కింది పొరలోకి దాదాపుగా రాదు. మోటారు కింది పొర లాగుతోందంటే ఆయిల్ లేని ద్రవం క్రాంక్ కేసులోకి (పిస్టన్ కింద ఇరుసు తిరిగే గదిలోకి) పోతోందన్నమాట. అలాంటప్పుడు ఆగిపోవడమే మీ అదృష్టం, ఆగకుండా నడిస్తే పిస్టన్ పట్టేస్తుంది. పై పొరని వంచుకుని వాడుకుందామా అంటే అదీ కుదరదు. రిఫైనరీలో ఇథనాల్ ఇచ్చే ఆక్టేన్‌ని (ఇంజిన్ కొట్టుకోకుండా పెట్రోల్ తట్టుకునే గుణం) లెక్కలో పెట్టుకునే పెట్రోల్ తయారుచేస్తారు. ఇథనాల్ వెళ్లిపోయాక మిగిలిన దానికి ఆక్టేన్ పడిపోయి ఇంజిన్ కొట్టుకుంటుంది. యూట్యూబులో కొందరు పెట్రోల్‌లో నీళ్లు పోసి కలిపి ఇథనాల్ తీసేసి చూపిస్తున్నారు. ఆ పద్ధతిని నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. పైగా ఆ పెట్రోల్‌లో తడి మిగిలిపోతుంది.

మరి మీ ట్యాంకులోకి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? గాలిలో తేమ అని అందరూ అంటారు. మన ఊరి తేమకి అదీ కొంత ఉంటుంది, గాలి రంధ్రం తెరిచి ఉండి ట్యాంకు సగం ఖాళీగా ఉంటే మరీనూ. కానీ నేను చూసినంతలో ఎక్కువ నీళ్లు మూత వాషర్ దగ్గర నుంచే వస్తాయి. రబ్బరు వాషర్ ఎండిపోయి చిట్లి ఉంటుంది, మూత చుట్టూ గాడిలో వాన నీళ్లు నిలుస్తాయి. పగలు ట్యాంకు వేడెక్కి ఆవిరి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి లోపలికి పీలుస్తుంది. పీల్చేటప్పుడు గాడిలో నీళ్లు కూడా లోపలికి దిగుతాయి. రెండు నెలల వానాకాలం అంటే ఎన్ని రాత్రులో మీరే లెక్కేసుకోండి. బంకులో కల్తీ అసాధ్యం అనడం లేదు. అనుమానం ఉంటే బంకులో ఫిల్టర్ పేపర్, డెన్సిటీ పరీక్ష అడిగే హక్కు మీకుంది. అయితే బంకులో నీళ్లొస్తే అదే రోజు పోయించుకున్న బైకులూ ఆగిపోవాలి, మీ పడవ ఒక్కటే కాదు.

ఇప్పుడు ఆ తెల్ల పొడి సంగతి. మీది జీఐ రేకు అన్నారు కాబట్టి నాకు పెద్ద అనుమానం లేదు, అది జింకు పూత. ఇథనాల్, నీళ్లు కలిసి జింకుని తినేస్తాయి. తెల్లటి పొడిగా రాలి ఫిల్టర్ జాలీలో, జెట్లలో (కార్బురేటర్‌లో పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్నటి రంధ్రాల్లో) చేరుతుంది. అతుకుల దగ్గర సీసం టంకం వేసి ఉంటే అదీ దీనికి తట్టుకోదు. కార్బురేటర్ గిన్నె అల్యూమినియం కాబట్టి దాని నుంచి కూడా కొంత తెల్ల పొడి వస్తుంది. విప్పినప్పుడు గిన్నె అడుగున చిన్న చిన్న గుంటలు పడి ఉంటే అదే గుర్తు. ఈ ట్యాంకుని కడిగి మళ్లీ వాడమని నేను చెప్పలేను. పూత సగం పోయాక లోపల ఇనుము తుప్పు మొదలవుతుంది. పెట్రోల్ కోసమే తయారైన మందపాటి ప్లాస్టిక్ బోటు ట్యాంకు కొనండి, లేదా స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించండి. ఫైబర్ పడవలో ఫైబర్‌తోనే కట్టిన పాత ట్యాంకు ఉన్నవాళ్లు కూడా జాగ్రత్తపడాలి. పాత రకం పాలిస్టర్ రెసిన్‌ని ఇథనాల్ కరిగిస్తుంది, అది నల్లటి జిగురుగా వెళ్లి ఇంజిన్ వాల్వుల మీద పేరుకుంటుంది.

తర్వాత గొట్టం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. గొట్టం పైన నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి బాగుందనుకుంటారు. మీ పాత గొట్టాన్ని ట్యాంకు వైపు జానెడు కోసి, బ్లేడుతో నిలువుగా చీల్చి చూడండి. మంచిదైతే లోపలి గోడ నున్నగా, ఒకే రంగులో ఉంటుంది. ఇథనాల్ తిన్నదైతే లోపలి పలుచటి పొర రబ్బరు నుంచి విడివడి పొక్కులు పొక్కులుగా లేచి ఉంటుంది, వేలితో రాస్తే మసి అంటుతుంది. నెమ్మదిగా నడిచేటప్పుడు ఆ పొర పక్కకి పడి ఉంటుంది. ఫుల్ రేసులో లాగుడు పెరగగానే తలుపు రెక్కలాగా మూసుకుపోతుంది. ఆగి పిసికితే తెరుచుకుంటుంది. మీ లక్షణాలతో ఇది అచ్చు గుద్దినట్టు సరిపోతోంది. శాంపిల్‌లో పొరలు కనిపించకపోయినా సరే, గొట్టం మాత్రం మార్చేయండి.

కొనేటప్పుడు గొట్టం మీద అచ్చువేసిన అక్షరాలు చదవండి. బోట్లకి ఎస్‌ఏఈ జె1527 అని ఉన్నది సరైనది. అది దొరక్కపోతే ఆటోనగర్‌లో రబ్బరు షాపుల్లో ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్ల గొట్టం, జె30 ఆర్9 అని ఉన్నది అడగండి. ఏ అచ్చూ లేనిది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ పైపుని పెట్రోల్ లైనుగా వాడేవాళ్లు మన రేవుల్లో ఇంకా ఉన్నారు. పెట్రోల్ కనిపిస్తుంది కదా అని దాని మీద మోజు. కొన్నాళ్లకే అది పసుపెక్కి, బిరుసెక్కి, క్లిప్పు దగ్గర చిట్లుతుంది. ఇంజిన్ పక్కన పెట్రోల్ కారడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. గొట్టంతో పాటు బల్బు, రెండు చివర్ల కనెక్టర్లు, వాటి ఓ రింగులు కూడా మార్చండి. బల్బు మీద బాణం గుర్తు మోటారు వైపు ఉండాలి.

ట్యాంకుకీ మోటారుకీ మధ్య నీటిని వేరుచేసే 10 మైక్రాన్ ఫిల్టర్ పెట్టించండి. అడుగున పారదర్శకమైన గిన్నె ఉన్న రకమైతే రోజూ ఒక చూపు చూసి వంపుకోవచ్చు. అయితే ఫిల్టర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. విడిగా ఉన్న నీటినే అది ఆపగలదు. ఇథనాల్‌లో కలిసిపోయిన నీళ్లు దానిలోంచి దర్జాగా దాటిపోతాయి. ఇంకో సంగతి, ఇథనాల్ మంచి ద్రావకం. చాలాకాలంగా పక్కన పడి ఉన్న ట్యాంకులో ఇప్పటి పెట్రోల్ పోస్తే, గోడలకి పట్టిన పాత జిగురునంతా కరిగించి ఫిల్టర్‌కి తెచ్చి కొడుతుంది. మొదటి ఒకటి రెండు ట్యాంకులు అయ్యేదాకా పడవలో స్పేర్ ఫిల్టర్, అది విప్పే పట్టీ రెండూ ఉంచుకోండి.

ఇవన్నీ అయ్యాకే కార్బురేటర్ మూడోసారి విప్పండి, అదే చివరిసారి కావాలి. జెట్లలోకి స్టీలు తీగ దూర్చనివ్వకండి. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మిశ్రమం లెక్క తప్పుతుంది. స్ప్రే, గాలి, మరీ అవసరమైతే మెత్తటి రాగి పోగు, అంతవరకే. గిన్నెలోకి పెట్రోల్ రాకని ఆపే ఫ్లోట్ నీడిల్ కొన రబ్బరైతే ఉబ్బి ఉంటుంది, మార్చాలి. పంపు డయాఫ్రంని వెలుతురుకి పట్టి సూది రంధ్రాలు, ముడతలు ఉన్నాయేమో చూడాలి. మెత్తగా ఉండాల్సింది బిరుసుగా ఉంటే కిట్ మొత్తం మార్చడమే. కిట్ ధర మెకానిక్ ఒక విడత కూలి కంటే పెద్ద ఎక్కువేం ఉండదు.

ఇక ఇథనాల్ లేని పెట్రోల్ సంగతి. మనకి ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. 2003 జనవరిలో 5 శాతం కలపడం మొదలైన తొమ్మిది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2022 జూన్ నాటికి దేశమంతటా సగటు 10 శాతానికి చేరింది, 2025లో 20 శాతానికి వచ్చింది. చాలా అవుట్‌బోర్డ్ (పడవ వెనక తగిలించే మోటారు) కంపెనీల మాన్యువళ్లలో 10 శాతం దాకానే వాడమని రాసి ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఏముందో ఒకసారి చూసుకోండి. ఖరీదైన పెట్రోల్ పోయిస్తే ఇథనాల్ ఉండదన్న నమ్మకం రేవుల్లో బాగా ఉంది. ఆక్టేన్ నంబరు వేరు, ఇథనాల్ శాతం వేరు. 95 ఆక్టేన్ పెట్రోల్‌లోనూ ఇథనాల్ ఉంటుంది. ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, మీరే కొలుచుకోవచ్చు. ల్యాబ్ సామాను అమ్మే షాపులో మూత ఉన్న 100 మిల్లీలీటర్ల కొలజాడీ కొనండి. అందులో 20 గీత దాకా నీళ్లు, ఆపైన 100 గీత దాకా పెట్రోల్ పోయండి. మూతపెట్టి నిమిషంసేపు ఊపండి, మధ్యమధ్యలో మూత తీసి ఆవిరి వదలండి. పది నిమిషాలు కదపకుండా ఉంచండి. కింది పొర 20 నుంచి 36 దగ్గరికి లేచిందంటే 80లో 16 ఇథనాల్, అంటే 20 శాతం. 28 దగ్గర ఆగితే 10 శాతం. కదలకపోతే ఇథనాల్ లేదు. ఒకటి రెండు గీతలు అటూఇటూ అవుతాయి. ఆరుబయట, మంటకి దూరంగా చేయండి.

20 శాతం పెట్రోల్‌తో మీ టూ స్ట్రోక్ నడపొచ్చా అంటే, నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్తాను. నడుస్తుంది, కానీ ఫుల్ రేసులో ఎక్కువసేపు పెట్టి నడపొద్దు. ఒక కిలో పెట్రోల్ సరిగ్గా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. 20 శాతం కలిపినదానికి దాదాపు 13.5. మీ కార్బురేటర్ జెట్ మాత్రం మామూలు పెట్రోల్ లెక్కకి కోసి ఉంది. అంటే ఇంజిన్‌కి అవసరమైనదానికంటే ఏడెనిమిది శాతం తక్కువ ఇంధనం అందుతోంది. కారులో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, కంప్యూటర్ చూసుకుని సరిచేస్తుంది. మీ మోటారుకి అదేం లేదు. పైగా కారు ఎప్పుడో గానీ ఫుల్ రేసులో నడవదు, పడవ మోటారు రోజంతా అక్కడే ఉంటుంది. ఇంధనం తగ్గితే పిస్టన్ తల వేడెక్కుతుంది. టూ స్ట్రోక్‌లో చల్లబరిచేదీ, ఆయిల్ మోసుకొచ్చేదీ కూడా ఆ పెట్రోలే కదా.

'మరి ఆయిల్ కొంచెం ఎక్కువ కలుపుతాను, రక్షణగా ఉంటుంది' అంటారు చాలామంది. దానివల్ల మొదటికే మోసం. జెట్ గుండా పోయే ద్రవం అంతే, అందులో ఆయిల్ పెరిగిందంటే పెట్రోల్ తగ్గిందనే అర్థం. మాన్యువల్ 50:1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లే, బోటు ఇంజిన్ల ఆయిలే. సరైన మార్గం మెయిన్ జెట్‌ని ఒక సైజు పెంచి, స్పార్క్ ప్లగ్గుల రంగు చదవడం. ఫుల్ రేసులో రెండు నిమిషాలు నడిపి, అక్కడికక్కడే మోటారు ఆపేసి ప్లగ్గులు విప్పండి. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే సరిపోయింది. తెల్లగా, మెరుస్తూ ఉంటే ఇంకా తక్కువ పోతోంది. ఈ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి, ఊహ మీద జెట్లు మార్చడం మంచిది కాదు. ఇంకోటి, ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. 20 శాతం కలిస్తే మొత్తం మీద ఏడు శాతం దాకా తగ్గుతుంది. పోయిరావడానికి సరిగ్గా సరిపోయే పెట్రోల్‌తో బయల్దేరే అలవాటుంటే మానుకోండి.

ఫోర్ స్ట్రోక్ ఇంజెక్షన్ మోటార్లున్నవాళ్లకి కార్బురేటర్ గొడవ లేదు గానీ, లోపల పెట్రోల్ నుంచి ఆవిరిని వేరుచేసే చిన్న వేపర్ సెపరేటర్ ట్యాంకు, దాని జాలీ, హై ప్రెషర్ పంపు ఉంటాయి. అవి పాడైతే ఖర్చు ఎక్కువ. ఫిల్టర్ విషయంలో వాళ్లు ఇంకా పట్టుగా ఉండాలి. కిరోసిన్ మోటార్లకి స్టార్టింగ్ కోసం పెట్టే చిన్న పెట్రోల్ డబ్బాలో పెట్రోల్ వారాల తరబడి ఉండిపోతుంది, అక్కడా ఇదే తంతు. డీజిల్ పడవల వాళ్లు ఈ జవాబు చదవక్కర్లేదు.

మందు సీసాల గురించి అడిగారు. స్టెబిలైజర్ అనేది మంచి పెట్రోల్ త్వరగా పాడవకుండా కొంతకాలం కాపాడుతుంది, కొన్న రోజే పోయాలి. ఒకసారి పొరలు విడిపోయాక వాటిని మళ్లీ పనికొచ్చేలా కలిపే మందు లేదు. సీసా మీద ఏం రాసినా నమ్మకండి. ఆ పెట్రోల్ మొత్తం తీసేయాల్సిందే. దాన్ని కృష్ణలోనో, రేవు మట్టిలోనో వంపొద్దు, ఆ నీళ్లే కాలువల్లో పడి మన ఇళ్లకి వస్తాయి. మూత బిగిసే ఇనుప క్యాన్‌లో పట్టి, పేరు రాసి, వర్క్‌షాపుల నుంచి వాడేసిన ఆయిల్ తీసుకెళ్లే లైసెన్సుదారులకి విడిగా అప్పగించండి.

వచ్చే వరదలకి ముందు చేయాల్సింది చెప్తాను. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంతదాకా వచ్చాక హడావుడిలో ఎవరికీ ట్యాంకు గుర్తురాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రవాహం 11 లక్షలు దాటి, కట్లు తెగిన పడవలు వచ్చి గేట్లకి కొట్టుకున్నప్పుడు చూశాం కదా. కాబట్టి ఆగస్టులో ఎగువ నుంచి నీళ్లొస్తున్నాయని వార్త రాగానే ఈ పని పూర్తిచేసుకోండి. గొట్టం పీకేసి, మోటారు దానంతట అది ఆగిపోయేదాకా నెమ్మదిగా నడపండి, చల్లటి నీళ్లు అందుతూ ఉండాలి. తర్వాత గిన్నె అడుగున ఉన్న స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు కూడా వదిలేయండి. ఈ స్క్రూ సంగతి చాలామంది మర్చిపోతారు. ఆగిపోయినంత మాత్రాన గిన్నె ఖాళీ అయినట్టు కాదు, అడుగున ఉండిపోయిన ఆ కాసిని చుక్కలే ఎండి జిగురవుతాయి. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి, మూత బిగించి నీడలో పెట్టండి.

ఆయిల్ ముందే కలిపి పెట్టుకునే అలవాటు మానేస్తే సగం సమస్య తీరుతుంది. ఏ రోజు పెట్రోల్ ఆ రోజు కొని, అవసరమైనంతే ఆయిల్ కలుపుకోండి. ఆయిల్ కలపని పెట్రోల్ మిగిలితే సాయంత్రం బైకులో పోసుకోవచ్చు, కలిపినదైతే ఎక్కడా పోయలేరు. గాలి రంధ్రం ఉన్న డబ్బాలో నెల దాటిన పెట్రోల్‌ని నేను పడవకి వాడను. వరద సాయం కోసమని మోటారుని సిద్ధంగా ఉంచే కుర్రాళ్ల బృందాలు ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలి. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు పడవలు ఎంత హఠాత్తుగా కావాల్సొచ్చాయో తెలిసిందే. అలాంటి మోటారుకి ట్యాంకు నింపి పెట్టడం సిద్ధంగా ఉండటం కాదు. మోటారు పొడిగా, ట్యాంకు ఖాళీగా ఉంచి, నెలకోసారి కొత్త పెట్రోల్‌తో నడిపి మళ్లీ పొడిగా పెట్టడమే పద్ధతి.

మీ మోటారుని ఇలా ఆగుతూ ఆగుతూ ఎన్నిసార్లు ఫుల్ రేసులో నడిపారో రాయలేదు. అందుకే ట్యాంకు, గొట్టం కొనే ముందు కంప్రెషన్ గేజితో సిలిండర్లన్నీ కొలిపించండి. వాటి మధ్య తేడా 10 శాతంలోపు ఉంటే ధైర్యంగా పైన చెప్పినవి చేయించండి. అంతకంటే ఎక్కువ ఉంటే ఎగ్జాస్ట్ కవరు విప్పి పిస్టన్ పక్కల మీద గీతలున్నాయేమో చూడాలి, అప్పుడు ఖర్చు లెక్క వేరు. అరువు ట్యాంకుతో చేసిన పరీక్ష ఫలితం, శాంపిల్ సీసా ఫొటో, కంప్రెషన్ అంకెలు, ప్లగ్గుల ఫొటో పెట్టండి. జెట్ సైజు గురించి అవి చూశాక చెప్తాను.